కుమ్మరి తన కథ రాసుకుంటే...

కుండల మీద దేవుళ్లున్నారు, రాజులున్నారు. యుద్ధాలు, వేటలు, పెళ్లిళ్లు ఉన్నాయి. పువ్వులకూ లతలకూ లెక్కే లేదు. వెతికినా దొరకనిది ఆ కుండ చేసినవాడి కథ. ఏథెన్స్ నుంచి ఎసెక్స్ దాకా, దక్షిణాఫ్రికా కొండల నుంచి మన మెదక్ దాకా ఆ లోటు తీర్చిన కొందరి గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

2003 డిసెంబరు. లండన్‌లోని టేట్ బ్రిటన్ గ్యాలరీలో టర్నర్ బహుమతి ప్రకటిస్తున్నారు. సమకాలీన కళలో బ్రిటన్ ఇచ్చే బహుమతుల్లో దానికున్నంత పేరు, దాని చుట్టూ రేగినన్ని వివాదాలు మరొకదానికి లేవు. ఆ ఏడు చాప్‌మన్ సోదరులకే వస్తుందని పందేలు కాసేవాళ్లు కూడా లెక్కలు కట్టేశారు. తీరా పేరు పిలిస్తే లేచింది గ్రేసన్ పెర్రీ. నలభై మూడేళ్ల మగమనిషి. ఒంటిమీద చిన్నపిల్లలు పుట్టినరోజుకి వేసుకునేలాంటి బుట్టచేతుల గౌను.

మర్నాడు పత్రికలన్నీ ఆ గౌను చుట్టూనే తిరిగాయి. పెర్రీ మాత్రం కళాలోకానికి తన గౌనుకన్నా తాను కుండలు చేస్తానన్న సంగతే మింగుడుపడటం లేదని చమత్కరించాడు. అందులో నిజం లేకపోలేదు. సొరచేపను రసాయనంలో ముంచి పెట్టిన డేమియన్ హర్స్ట్‌కు అంతకు ఎనిమిదేళ్ల ముందే ఆ బహుమతి దక్కింది. వీడియోలు తీసినవాళ్లకూ దక్కింది. కుండలు చేసేవాడికి దక్కడం మాత్రం అదే మొదటిసారి.

కారణం పాతదే. నూనెరంగుల్లో గీస్తే కళ, మట్టిలో చేస్తే చేతిపని. బొమ్మ గోడ మీదికెక్కితే గౌరవం, కూజా మీద ఉంటే అలంకారం. కుండ వంటింటిది, పెరటిది, చలివేంద్రంలోది. అందుకే వేల ఏళ్లుగా కుమ్మరి ఊరందరి అవసరాలూ తీర్చాడు గానీ తన మాట చెప్పుకునే చోటు మాత్రం ఆ కుండ మీద అతడికి చిక్కలేదు. పెర్రీ ఆ చిన్నచూపునే తనకు అనువుగా మలుచుకున్నాడు. కూజాను చూసి ఎవరూ జాగ్రత్తపడరు కాబట్టి, చెప్పుకోలేని మాటలన్నీ దానిమీదే చెప్పాడు.

అందం చూసి దగ్గరికెళితే

పెర్రీ జాడీలు దూరం నుంచి చూస్తే పాత జమీందారు బంగళాలో మూలన పెట్టిన చైనా కూజాల్లా ఉంటాయి. నునుపైన ఒళ్లు, తీరైన మెడ, అక్కడక్కడా బంగారు మెరుపు. నాలుగడుగులు దగ్గరికి వేస్తే ఆ పూలూ తీగల మధ్య మనుషులు బయటపడతారు. బిక్కమొహం వేసుకున్న పిల్లలు, కోపంతో ఊగిపోయే పెద్దవాళ్లు, మోటారుసైకిళ్లు, అద్దె ఇళ్ల వరసలు, గోడలమీది రాతల్లాంటి వాక్యాలు. 2000లో చేసిన ఒక జాడీ పేరు ‘మీ బిడ్డ శవం దొరికింది’. ఆ పేరు చదివాక దానిమీది బంగారు మెరుపును మునుపటిలా చూడలేం. పెర్రీకి కావలసిందీ అదే. కంటికి ముందు అందం ఆనాలి, అసలు సంగతి ఆ తరవాత తగలాలి. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో పెట్టిన తన ప్రదర్శనకు ఆయన ‘గెరిల్లా ఎత్తుగడలు’ అని పేరు పెట్టింది ఇందుకే. టర్నర్ బహుమతి పోటీలో నిలబెట్టిన ప్రదర్శనల్లో అదొకటి.

గోడ మీద బొమ్మకూ కూజా మీద బొమ్మకూ ఒక పెద్ద తేడా ఉంది. గోడ మీది బొమ్మ మొత్తం ఒక్క చూపులో అందుతుంది. కూజా చుట్టూ మనమే తిరగాలి. ఇటువైపు నవ్వుతూ నిలబడ్డ తల్లి కనిపిస్తే, అటువైపు వెళ్లేదాకా ఆ పక్క గదిలో ఏం జరిగిందో తెలియదు. ఎంత తిరిగినా సగం ఎప్పుడూ వెనకే ఉంటుంది. మొదలెక్కడో, ముగింపెక్కడో గీత గీసి చెప్పలేం. చిన్నప్పటి సంగతులు మనకు గుర్తుకొచ్చే తీరు కూడా ఇంచుమించు ఇంతే కాబట్టి, సొంత కథకు కూజా అంతగా అమరింది.

2001లో పెర్రీ చేసిన ఒక జాడీ పేరును తెలుగులో ‘నాలోని నేనులు’ అని చెప్పుకోవచ్చు. ఇప్పుడది టేట్ సేకరణలో ఉంది. తనకున్న ముఖాలన్నీ ఒకే మట్టి ఒంటి మీద ఇమిడ్చిన పని.

ఎలుగుబంటి ఏలిన రాజ్యం

పెర్రీ పుట్టింది 1960లో, ఎసెక్స్ ప్రాంతంలోని చెమ్స్‌ఫర్డ్‌లో. కళలూ పుస్తకాలూ లేని మామూలు శ్రామిక కుటుంబం. ఇంకా బడి ఈడు రాకముందే తల్లిదండ్రులు విడిపోయారు. తండ్రి ఇల్లు విడిచి వెళ్లాడు. ఆ స్థానంలో వచ్చిన మారుతండ్రి చేయిచేసుకునే మనిషి. అతడంటే పిల్లాడికి హడల్.

ఆ ఇంట్లో పిల్లాడికి దొరికిన అండ ఒక బొమ్మ ఎలుగుబంటి. పక్కింటి స్నేహితుడి పేరు ఏలన్, తనకప్పుడు పోసిన తట్టు పేరు మీజిల్స్. రెండూ కలిపి దానికి ఏలన్ మీజిల్స్ అని పేరు పెట్టాడు. పడకగదిలో ఒక ఊహారాజ్యం కట్టాడు. ఏలన్ ఆ రాజ్యానికి ఏలిక, యుద్ధవీరుడు, ఓటమి ఎరగని నాయకుడు. శత్రువులు జర్మన్లు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు కాబట్టి ఇంగ్లండులో పిల్లల ఆటల్లో శత్రువులంటే వాళ్లే. ఆ జర్మన్ల వెనక ఉన్నది మారుతండ్రేనని పెర్రీ పెద్దయ్యాక చెప్పాడు. తండ్రి ఇవ్వాల్సిన ధైర్యం, పౌరుషం అన్నీ ఆ గుడ్డబొమ్మలో దాచుకున్నానని కూడా చెప్పాడు.

ఆ ఎలుగుబంటి ఆయన కుండల మీద మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకచోట రాజు, ఒకచోట దేవుడు, ఇంకోచోట అలసిపోయిన ముసలి సైనికుడు. 2010లో పెర్రీ తన మోటారుసైకిలు వెనక సీటు మీద చిన్న గుడి కట్టి, ఏలన్‌ను అందులో కూర్చోబెట్టి, ఏకంగా జర్మనీకి తీసుకెళ్లాడు. చిన్ననాటి యుద్ధానికి సంధి అన్నమాట. ఆడవేషంలోని తన రూపానికి క్లేర్ అని పేరు. ఆమె కూడా ఆ జాడీల మీదికి ఎక్కింది. పెళ్లి, కూతురు, కొన్నేళ్లపాటు తీసుకున్న మానసిక చికిత్స... ఇలా తన జీవితంలో జరిగిందేదీ మట్టికి అంటరానిది కాలేదు. భార్య ఫిలిప్పా పెర్రీ మానసిక చికిత్సకురాలు, రచయిత్రి కూడా.

ఇదంతా ఒక మనిషి సొంత గొడవ కదా, మనకెందుకని అనిపించవచ్చు. 2017లో ఆయన చేసిన ‘జోడీ’ ఆ అనుమానానికి జవాబు. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న బ్రెగ్జిట్ ఓటింగులో బ్రిటన్ రెండుగా చీలింది. పెర్రీ రెండు పక్షాల జనాన్నీ అడిగాడు: మీకిష్టమైన రంగేది, ఫొటోలు పంపండి, ఏమంటే ఇష్టమో చెప్పండి అని. వచ్చినవాటితో ఒక్కో పక్షానికి ఒక్కో పెద్ద జాడీ చేశాడు. తీరా చూస్తే రెండూ అక్కచెల్లెళ్లలా ఉన్నాయి. రెండు పక్షాలకూ ఇష్టమైన రంగు నీలమే. ఇప్పుడవి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. తన కథ నిజాయితీగా చెప్పడం నేర్చినవాడికి ఊరి కథ చెప్పడం కూడా వస్తుంది. 2013లో బీబీసీ రీత్ ఉపన్యాసాలకు పిలుపు, 2023లో సర్ బిరుదు ఆ దారిలో వచ్చిన ముచ్చట్లు.

నిప్పు చేతిలో రంగు

పెర్రీ కుండలు నేర్చుకున్నది ఏ గొప్ప విద్యాలయంలోనూ కాదు. లలితకళల్లో డిగ్రీ పూర్తిచేసి లండన్‌లో చేతిలో డబ్బు లేకుండా తిరుగుతున్న రోజుల్లో, 1983లో, సాయంకాలపు తరగతుల్లో చేరాడు. మొదట చేసింది ఒక పళ్లెం. సారె మీద తిప్పే పద్ధతి ఆయన పట్టుకోలేదు. మట్టిని అరచేతుల కింద తాడులా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి, అతుకులు నులిమి, గోడలు పైకి లేపుతాడు. చక్రం పుట్టకముందు మనుషులు కుండలు చేసిన పద్ధతి ఇదే. నెమ్మదిగా సాగుతుంది కానీ ఎంత పెద్ద జాడీనైనా లేపవచ్చు.

గోడ కాస్త ఆరి, గోటితో గీస్తే గీత నిలిచే పదునుకి వచ్చాక బొమ్మ పని మొదలవుతుంది. ముందు పల్చటి రంగుమట్టి పూత. దానిమీద మొనదేలిన పనిముట్టుతో గీస్తే పై పూత లేచి కింది మట్టిరంగు గీతగా బయటపడుతుంది. కాగితం కత్తిరించి అంటించి దాని చుట్టూ పూస్తే ఒక ఆకారం నిలుస్తుంది. కాల్చాక ఫొటోలను అచ్చొత్తిన పల్చటి పొరల్ని తడిపి అతికించి మళ్లీ కాలుస్తారు. బంగారు మెరుపు అన్నిటికన్నా చివర్న, తక్కువ వేడిలో. అలా ఒక్క జాడీ పలుమార్లు నిప్పులోకి పోయి వస్తుంది. ప్రతిసారీ పగిలే ప్రమాదం ఉంది.

మట్టిమీద బొమ్మ వేసేవాడికి ఇంకో చిక్కుంది. కాన్వాసు మీద నీలం పూస్తే నీలమే కనిపిస్తుంది. ఇక్కడ అలా కాదు. కోబాల్ట్ ఆక్సైడ్ పూసేటప్పుడు నల్లగా, బొగ్గుపొడిలా ఉంటుంది. కొలిమిలో కాలి బయటికొచ్చాకే చిక్కటి నీలమవుతుంది. రాగి గాలి బాగా ఆడే కొలిమిలో ఆకుపచ్చగా, గాలి బిగిస్తే ఎర్రగా మారుతుంది. కొలిమిలో ఏ మూల ఎంత వేడి తగిలిందన్నదాన్ని బట్టి రంగు తేలిపోవచ్చు, కారిపోవచ్చు. కళాకారుడు చూడని రంగును మనసులో ఊహించుకుంటూ గీయాలి. పైగా మట్టి ఆరి కాలేసరికి కొలతలో ఇంచుమించు పదోవంతు కుంచించుకుపోతుంది, మొహం మీది గీత సైతం దాంతోపాటే. కాలాక ఇక దిద్దుబాటు లేదు.

విందులో కూర్చున్న చేతిపనివాడు

కుండ మీద తన పేరు పెట్టుకోవాలన్న తపన పెర్రీతో మొదలైంది కాదు. క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దపు ఏథెన్స్ కుండలు చూస్తే తెలుస్తుంది. వాటిమీది నల్లబొమ్మలకు వాడింది అసలు రంగే కాదు. అదే మట్టిని బాగా వడకట్టి తీసిన తేట. కొలిమికి ఒకసారి గాలి ఆడించి, ఒకసారి బిగించి, మళ్లీ ఆడిస్తే తేట పూసినచోట నలుపు, పూయనిచోట ఎరుపు నిలుస్తాయి. ఆ పనిలో ఎక్సీకియాస్‌ను మించినవాడు లేడంటారు. అకిలీస్, ఏజాక్స్ అనే ఇద్దరు మహావీరులు ఈటెలు పట్టుకునే పాచికలాటలో మునిగిపోయిన దృశ్యం ఆయనది. వాటికన్‌లో ఉన్న ఆ కూజా మీద ఇద్దరి నోటిపక్కనా వాళ్లకు పడ్డ పందెం అంకెలు రాసి ఉంటాయి, ఒకరికి నాలుగు, ఒకరికి మూడు. కుండ చేసిందీ, బొమ్మ వేసిందీ తానేనని ఎక్సీకియాస్ దానిమీద సంతకం పెట్టుకున్నాడు.

ఆ తరవాతి తరంవాళ్లు సంతకంతో ఆగలేదు. యూథిమిడీస్ అనే చిత్రకారుడు తాగి చిందులేస్తున్న ముగ్గురి బొమ్మ గీసి, యూఫ్రోనియోస్ ఎన్నడూ ఇలా గీయలేడన్న అర్థంలో పక్కనే రాశాడు. యూఫ్రోనియోస్ అదే ఊళ్లో అదే పని చేసే పోటీదారు. రెండువేల అయిదువందల ఏళ్లు దాటినా ఆ ఎత్తిపొడుపు జర్మనీలోని మ్యూనిక్‌లో చెక్కుచెదరలేదు.

వీటన్నిటికన్నా వింతైనది బ్రస్సెల్స్‌లో ఉన్న ఒక ద్రాక్షసారా జాడీ. దానిమీద ధనవంతుల విందు జరుగుతోంది. మెత్తటి పరుపుల మీద ఒరిగి, సంగీతం వింటూ కులాసాగా ఉన్నారు మగవాళ్లు. రెండోవైపుకి వెళితే పరిచారకులు పెద్ద పాత్రలో సారా నింపుతున్నారు. విందులో ఒకడి పక్కన రాసిన పేరు స్మిక్రోస్. జాడీ మీద బొమ్మ గీసినవాడి సంతకమూ అదే. కూలికి కుండలమీద బొమ్మలు వేసే మనిషి, తాను అడుగుపెట్టలేని విందులో తనను తానే కూర్చోబెట్టుకున్నాడన్నమాట. ప్రపంచంలో మనకు తెలిసిన తొలి స్వీయచిత్రాల్లో దీన్ని ఒకటిగా లెక్కవేసేవాళ్లున్నారు. స్మిక్రోస్ అనేవాడే లేడు, ఇదంతా యూఫ్రోనియోస్ ఆడిన తమాషా అని వాదించే పండితుడూ ఉన్నాడు. ఏదైనా గానీ, ఆ ఊహ ఒక చేతిపనివాడిది. ఆ దర్జా కూడా అతడు తనకు తాను ఇచ్చుకున్నదే.

చదువు నేరమైన చోట

అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రం, ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతం. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి కుండల బట్టీల్లో పనిచేసింది బానిసలుగా ఉన్న నల్లజాతి కుమ్మరులు. వాళ్లలో డేవిడ్ డ్రేక్ ఒకడు. 1800 ప్రాంతంలో పుట్టాడు. మాంసం ఊరబెట్టుకునే భారీ జాడీలు చేయడంలో దిట్ట. 1859లో చేసిన ఒక జాడీలో నలభై గ్యాలన్లు పడతాయి. అంత మట్టిని సారె మీద తిప్పి నిలబెట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

1834లో ఆ రాష్ట్రం బానిసలకు చదువు చెప్పడం నేరమంటూ చట్టం చేసింది. డ్రేక్ రాత ఉన్న తొలి జాడీ తేదీ కూడా ఆ ఏటిదే. పచ్చి జాడీ భుజం మీద పుల్లతో గీసి తన పేరు, తేదీ రాసేవాడు. కొన్నిటి మీద రెండేసి పాదాల పద్యాలు కూడా. 1857 నాటి ఒక జాడీ మీద తనవాళ్లంతా ఎక్కడున్నారో అని తలపోశాడు. బానిసల్ని అమ్మేటప్పుడు తల్లినొకచోటికి, బిడ్డనొకచోటికి పంపే రోజులవి. ఆ ఒక్క వాక్యం వెనక ఎన్ని సంతలున్నాయో మనం ఊహించుకోవలసిందే. డ్రేక్ జాడీల మీద బొమ్మలు లేవు. అక్షరమే ఆయన బొమ్మ. దాన్ని కాగితం మీద రాసి ఉంటే చింపి పారేసేవాళ్లు. ఊరగాయ జాడీ మీద రాశాడు కాబట్టి యజమాని ఇంటి కొట్టుగదిలోనే భద్రంగా బతికింది. ఎడ్జ్‌ఫీల్డ్ నల్లజాతి కుమ్మరుల పనికి 2022లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

చావు వార్త మోసిన పళ్లేలు

దక్షిణాఫ్రికాలో డ్రాకెన్స్‌బర్గ్ కొండల దిగువన ఆర్డ్‌మోర్ అనే పొలం. 1985లో ఫీ హాల్‌స్టెడ్ అనే కళాకారిణి అక్కడ చిన్న పనిశాల పెట్టింది. ఆ పొలంలో పనిచేసే కుటుంబంలోని అమ్మాయి బోనీ ఎన్‌చలిన్‌చాలి చిన్నప్పుడే పోలియో బారిన పడింది. పొలం పనికి పోలేకపోయింది. అందుకని మట్టి పనికి వచ్చింది. అయిదేళ్లు తిరక్కుండా, 1990లో, గురువూ శిష్యురాలూ కలిసి ఆ దేశంలో యువ కళాకారులకిచ్చే పెద్ద పురస్కారం అందుకున్నారు. బైబిల్ కథలు చెప్పినా అందులో కనిపించేది బోనీ ఊరే. అవే మొహాలు, అవే జంతువులు, అవే రంగులు.

1999లో ఎయిడ్స్ ఆమెను పొట్టనబెట్టుకుంది. ఆ పనిశాలలో ఒక్కొక్కరే రాలిపోవడం మొదలైంది. దేశాధ్యక్షుడే హెచ్ఐవీ వల్ల ఎయిడ్స్ వస్తుందన్న మాటను శంకిస్తున్న రోజులు. జబ్బు పేరెత్తడానికి ఇళ్లలో భయం. అప్పుడు వండర్‌బాయ్ ఎన్‌హుమాలో అనే యువకుడు పళ్లేల మీద, జాడీల మీద బొమ్మలు గీకి, మధ్యమధ్య మాటలు చెక్కి ఆ జబ్బు గురించి చెప్పాడు. బల్లమీద అన్నం వడ్డించుకునే పళ్లెమే ఊళ్లో ఎవరూ నోరు విప్పని వార్త మోసింది. 2008లో అతణ్నీ అదే జబ్బు తీసుకుపోయింది. ఆర్డ్‌మోర్ పని ఇవాళ ఖరీదైన అలంకార వస్తువుగా దేశదేశాల్లో అమ్ముడవుతోంది. కొనేవాళ్లు ఆ చిరుతలనూ జీబ్రాలనూ చూసి మురిసిపోతారు. ఆ పనిశాల చరిత్ర తెలిసినవాళ్లకు మాత్రం ఆ పళ్లేలే ముందు గుర్తొస్తాయి.

మన కుండ మీద ఎవరి కథ?

ఇక మన సంగతి. తెలుగువాళ్ల ఇంట్లో ఏ ఘట్టమూ కుండ లేకుండా గడవదు. పెళ్లంటే ఐరేని కుండలు. సున్నం పూసి, దానిమీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు, చుక్కలు, తీగలు, చిలకలు వేసి కుమ్మరి సిద్ధం చేస్తాడు. ఆడవాళ్లు మేళతాళాలతో ఆయన ఇంటికి వెళ్లి, బియ్యం, చీర, కట్నం సమర్పించుకుని, కుండలు తెచ్చి పందిట్లో పెడతారు. ఆషాఢం వస్తే తెలంగాణలో బోనం కుండకు పసుపు, కుంకుమ, వేపమండలు. మనిషి పోతే భుజం మీద నీళ్లకుండ, దానికి చిల్లులు, మూడు చుట్లు, ఆ తరవాత పగిలిన చప్పుడు. పెళ్లికీ మొక్కుకీ చావుకీ ఆ మట్టే సాక్షి.

కానీ ఐరేని కుండ మీద పెళ్లికూతురి పేరుండదు, కుమ్మరి పేరు అసలే ఉండదు. పెళ్లయిన కొన్నాళ్లకు కుండ ఏ మూలకో చేరుతుంది. మట్టిబొమ్మలకు ప్రాణంపోసి యుద్ధానికి పంపిన శాలివాహనుడి కథ చెప్పుకుని, ఆ పేరునే కులం పేరుగా పెట్టుకున్నారు మన కుమ్మరులు. కుమ్మరింటి బిడ్డగా పేరుపొందిన మొల్ల తన గురించి తాను చెప్పుకుంది, అదీ తాటాకుల మీద, రామాయణం అవతారికలో. కుండ మీద ఆ అవకాశం ఎవరికీ ఇవ్వలేదు మనం.

ఆ దారిలో కొంత దూరం నడిచినవాడు కె. లక్ష్మాగౌడ్. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టాడు. తోలుబొమ్మలాటలూ, మట్టి పనివాళ్ల చేతులూ చూస్తూ పెరిగాడు. హైదరాబాద్‌లో చదివి, 1963లో బరోడా వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చేరాడు. ఆ సుబ్రమణ్యన్ సామాన్యుడు కాదు. జానపదుల మట్టి పనిని పరిశీలించి, బంగ్లాదేశ్ యుద్ధకాలపు దారుణాలను 1971లో టెర్రకోట పలకల్లో మలిచినవాడు. పతకాలు తగిలించుకున్న సైన్యాధికారులు, నలిగిన దేహాలు ఆ పలకల మీద పక్కపక్కనే ఉంటాయి.

శిష్యుడు బరోడా నుంచి తిరిగొచ్చి తన ఊరినే గీశాడు. తలపాగా చుట్టుకున్న మగాళ్లు, ఒళ్లంతా నగలు దిగేసుకున్న ఆడవాళ్లు, వాళ్ల మధ్య చొరవగా తిరిగే మేకలు, చెట్లు, పొదలు. సిగ్గూ బిడియం పట్టణాల నుంచి దిగుమతి కాకముందు పల్లెలో ఆడామగా ఎలా ఉండేవాళ్లో అలాగే గీశాడని కొందరు మొహం చిట్లించారు. ఆయన ఖాతరు చేయలేదు. ఎచింగుల్లో పేరు తెచ్చిన ఆ మనుషులే తరవాత టెర్రకోటలోకీ, సెరామిక్‌లోకీ వచ్చారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్లో ఎందరికో పాఠాలు చెప్పిన ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. నిజాంపూర్ మట్టిలో పెరిగినవాడు నిజాంపూర్‌ను మట్టిలోనే నిలబెట్టాడు.

అయినా లక్ష్మాగౌడ్ చదువుకున్న చిత్రకారుడిగా మట్టి దగ్గరికి వచ్చాడు. తరతరాలుగా సారె తిప్పుతున్న ఇంట్లో పుట్టి, తన ఇంటి కథను తన కుండ మీద వేసి, దానికింద పేరు రాసుకున్న తెలుగు కుమ్మరి కోసం మనం ఇంకా ఎదురుచూడాలి. ప్లాస్టిక్ బిందె, స్టీలు గిన్నె వచ్చి ఆ సారెల్ని చాలాచోట్ల ఆపేశాయి. మిగిలినవి దీపావళి ప్రమిదలు, వేసవి కూజాలు, చాయ్ కప్పులు. పని తెలిసిన చేతులున్నాయి. ఆ చేతుల్ని నీ కథేంటని అడిగినవాళ్లు లేరు.

మీరే మొదలుపెడితే

సొంత కథ చెప్పడానికి కుమ్మరింట్లో పుట్టక్కర్లేదు. నగరాల్లో సెరామిక్ స్టూడియోలు ఇప్పుడు వారాంతపు తరగతులు నడుపుతున్నాయి. పుదుచ్చేరిలో రే మీకర్, డెబోరా స్మిత్ దంపతులు 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఎందరో భారతీయ కళాకారులకు బడి అయింది. హిమాచల్‌లోని ఆంద్రెట్టాలోనూ ఈ పని నేర్పుతారు.

* మొదటిసారే జాడీ జోలికి పోవద్దు. చదునైన పళ్లెం, లేదా పలక తీసుకోండి. పెర్రీ కూడా పళ్లెంతోనే మొదలుపెట్టాడు.

* జీవితం మొత్తం ఒక్క పళ్లెంలో ఇరికించకండి. ఒక్క సంఘటన చాలు. అమ్మమ్మ ఇంటి వసారా, ఊరు మారిన రోజు, ఆస్పత్రి గది, పోయిన కుక్కపిల్ల. మనుషుల పక్కన పేర్లు రాయండి, నోటిపక్కన మాటలు రాయండి. గ్రీకులు చేసిన పని అదే.

* బొమ్మను ముందు కాగితం మీద కాస్త పెద్దదిగా వేసుకోండి. మట్టి కుంచించుకుపోతుంది.

* సంతలో కొన్న కుండ మీద ఆక్రిలిక్ రంగులు వేస్తే అది అలంకారానికే. అందులో తినకూడదు, తాగకూడదు. తినే పళ్లెం కావాలంటే కాలిన పళ్లెం మీద అండర్‌గ్లేజ్ రంగులతో గీసి, పైన సీసం లేని గాజుపూత పూసి, స్టూడియో కొలిమిలో మళ్లీ కాల్పించాలి.

* వెనక వైపు మీ పేరు, ఊరు, తేదీ గీకండి. ముందు వైపు ఎంత బాగున్నా, వందేళ్ల తరవాత ఎవరైనా మొదట తిప్పి చూసేది వెనక్కే.

పేరు రాయించండి

2011లో బ్రిటిష్ మ్యూజియం గ్రేసన్ పెర్రీకి తన తలుపులు తెరిచింది. మ్యూజియం నిల్వల్లోంచి వస్తువులు ఏరుకుని, వాటి పక్కన తన పనిని పెట్టుకోమంది. ఆయన ఆ ప్రదర్శనకు ‘పేరు తెలియని చేతిపనివాడి సమాధి’ అని పేరు పెట్టాడు. మధ్యలో ఇనుముతో పోతపోసిన ఓడ. అందులో ఆదిమానవుడి రాతిగొడ్డలి. ఆ మ్యూజియంలో ఉన్న లక్షల వస్తువుల్ని చేసినవాళ్లలో ఎక్కువమంది పేర్లు మనకు తెలియవు. తన కథను కుండలమీద ఇరవై ఏళ్లకు పైగా చెప్పుకున్న మనిషి, చెప్పుకోలేకపోయినవాళ్లందరికీ కట్టిన గుడి అది.

మనం అంత పెద్ద ఓడ కట్టక్కర్లేదు. ఈసారి మీ ఇంట్లో పెళ్లి జరిగితే ఐరేని కుండలు ఆన్‌లైన్లో తెప్పించుకోకుండా మీ ఊరి కుమ్మరి ఇంటికి వెళ్లండి. చిలకలూ తీగలతోపాటు మీ ఇంటి ముచ్చట ఒకటి బొమ్మగా వేయమని అడగండి. అదనంగా పట్టే పనికి అదనంగా డబ్బివ్వండి. చివరగా, కుండ అడుగున ఆయన పేరు, ఊరి పేరు ఆయన చేతే రాయించండి. పెళ్లయ్యాక ఆ కుండను పారేయకండి.